చాలు అన్న పాపానికి

పని రానందుకు కాదు, తెలుగు సరిగ్గా పలికినందుకు నన్ను పనిలోంచి తీసేశారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్యాయమే, ఇప్పుడూ అన్యాయమే. ఖరగ్‌పూర్‌లో ఈ కథ తెలియని తెలుగు గడప లేదు గానీ, తెలిసిన వాళ్లందరికీ తలకిందులుగా తెలుసు. "మటన్‌లో కాంక్రీటు కలిపిన మనిషి ఈయనే" అని పెళ్లిళ్లలో నన్ను పిల్లలకి చూపిస్తారు. కలిపింది నేను కాదు. పొయ్యి అక్కడ పెట్టించింది నేను కాదు. ఇంజిన్ నడిపింది అంతకన్నా నేను కాదు. నేను చేసిందల్లా ఒక్క మాట అనడం, అదీ అచ్చులో ఎలా ఉంటుందో అలా అనడం.

ఆ రోజుల్లో మా ఊళ్లో మనిషి జాతకం పుట్టిన నక్షత్రంలో కాదు, వర్క్‌షాపు సైరన్‌లో ఉండేది. సైరన్‌కి లేచేవాడు మనిషి, లేవనివాడు వాళ్లింటి మీద బరువు. అప్రెంటిస్ అనే మాటకి రైల్వే తప్ప వేరే అర్థం ఉందని ఎవరూ అనుకోలేదు. మా నాన్న కమ్మరి షాపులో సుత్తి పట్టి మమ్మల్ని పోషించాడు, నన్ను కూడా అదే గేటు గుండా లోపలికి తోయాలని చూశాడు. గేటు నన్ను రానివ్వలేదు. ఎనిమిదో తరగతిలో లెక్కల దగ్గర బడికీ నాకూ చెడింది, ఆ పైన నా చదువంతా నేనే చదువుకున్నాను. మద్రాసు వైపు నుంచి మెయిలులో వచ్చే వారపత్రికలు స్టేషన్లో ఒక్కరోజు పాతబడి దొరికేవి. అవి మొదటి అట్ట నుంచి చివరి అట్ట మీది తలనొప్పి మందు ప్రకటన దాకా గట్టిగా చదివేవాణ్ణి. అలా చదువుతున్నప్పుడే నాకు ఒక ఘోరం తెలిసింది. మేమందరం 'చ' పలకడం లేదు! మా ఇంట్లో సదువు, సేప, సీర, సెప్పు. పుస్తకంలో మాత్రం చదువు, చేప, చీర, చెప్పు. అద్దం ముందు నిలబడి రోజూ సాధన చేశాను. మా మామ్మ మంచం మీద నుంచి చూసి చూసి ఒకరోజు ఇక ఆగలేకపోయింది.

"ఏట్రా, పొద్దున్న లెగిస్తే ఛ ఛ ఛ అనీసి! ఎవల్ని సీదరించుకుంతన్నావురా? నన్నేనా?"

"చదువుకుంటున్నాను మామ్మా."

"అదేం సదువురా నాయినా, మొకం మీద ఉమ్మినట్టుంది!"

(మా మామ్మ మంచిది. కానీ భాషాసేవ ఏ ఇంట్లోనూ ఇంట్లోవాళ్లకి అర్థం కాదని నాకు ఆ రోజే తెలిసిపోయింది.)

ఇలా చదువుకుంటూ తిరుగుతున్న నన్ను అమ్మ చేయి పట్టుకుని తీసుకెళ్లి మా కంట్రాక్టర్ మావయ్యకి అప్పగించింది. అమ్మకి వరసకి అన్న. క్వార్టర్లు ఖాళీ చేసిన రిటైర్డు రైల్వే వాళ్లందరికీ ఊళ్లోని ఇందా పేటలోనూ ఖరిదా పేటలోనూ ఇళ్లు కట్టేది ఆయనే. పొట్టిగా, గట్టిగా, తన ఇటుకలాగే ఉండేవాడు. "కూలీగా కాదన్నయ్యా, నీ వ్యాపారం నేర్పు" అంది అమ్మ. మావయ్య నన్ను పైకీ కిందకీ చూసి, "యాపారమంటే ఏటనుకున్నావురా? గోడ కట్టడం మేస్త్రి పని. కట్టినంతసేపూ ఎండలో నిలబడ్డం కంట్రాక్టరు పని. నిలబడగలవా?" అన్నాడు. నిలబడగలనన్నాను. అలా నా ఉద్యోగ జీవితం నిలబడి మొదలైంది.

నిజం చెప్పొద్దూ, ఆ నెలల్లో నాకు నేల మీద కాలు ఆనేది కాదు. ఇసక గుప్పిట్లో పిసికి వదిలితే చేతికి ఎంత మట్టి అంటిందో చూడటం, రెండు ఇటుకలు కొట్టి 'ఠంగు'మంటే ఉంచుకోవడం, 'డబ్బు'మంటే బండివాడి మీద విరుచుకుపడటం, ఇంటాయన వచ్చినప్పుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఆకాశం వైపు చూసి "అయిపోతుందండీ" అనడం, అన్నీ నేర్చుకున్నాను. ఇంటికెళ్లి కంచం మీద చెంచాతో కొట్టి 'ఠంగు' వింటుంటే మామ్మ, "ఈడికి సదువు తగ్గింది, ఇప్పుడు వాయిద్యం పట్టుకుంది" అనేది. ఇందాలో ఒక రిటైర్డు గూడ్సు గార్డు గారి మేడ పని అప్పుడు జరుగుతోంది. పై అంతస్తు స్లాబు దగ్గరికొచ్చింది. మావయ్య ఒక సాయంత్రం టీకొట్టు దగ్గర నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"ఒరే మేనల్లుడా, ఈ స్లాబు గట్టెక్కనీ. ఖరిదాలో కొత్తిల్లు ముగ్గు పోసిన కాణ్ణుంచి గృహప్రవేశం దాకా నీదే. నేనాపక్కకి రాను."

నాదే! ముగ్గు దగ్గర్నుంచి! ఆ మాటతో నేను సైకిలు తొక్కలేదు, సైకిలే నన్ను ఎగరేసుకుని ఇంటికి తీసుకెళ్లింది.

దానికి తోడు ఆ స్లాబుకి మావయ్య కలకత్తా నుంచి ఒక వింత తెప్పించాడు. అప్పటిదాకా మా ఊళ్లో కలిపిన కాంక్రీటు మాలు పైకెక్కాలంటే ఆడకూలీలు వెదురు నిచ్చెన మీద వరసగా నిలబడి చేతిలోంచి చేతిలోకి తట్టలు అందించుకోవాల్సిందే. ఈ వింత అలా కాదు. నాలుగు ఇనప కాళ్ల మీద తాడిచెట్టంత చట్రం, పైన చక్రం, చక్రం మీదుగా తీగతాడు, తాడుకి పెద్ద బకెట్టు. కింద రేకు పందిట్లో డీజిల్ ఇంజిన్. కింద బకెట్టులో మాలు నింపితే ఇంజిన్ దాన్ని పైకి లాగుతుంది. మేడ మీద ఉన్నవాడు కేకేస్తే ఆగుతుంది. ఒంపుకున్నాక మళ్లీ దిగుతుంది. చూడ్డానికి సగం ఇందా వచ్చింది. పిల్లలు బడి ఎగ్గొట్టారు. నేను రాత్రి పడుకోబోతూ కూడా ఆ బకెట్టు ఎక్కడం దిగడం కళ్లలో చూసుకున్నాను.

ఇంజిన్‌తో పాటు దాన్ని నడిపే మనిషీ వచ్చాడు. ఆయన్ని అందరం ఇంజిన్ దాదా అనేవాళ్లం. బెంగాలీ. మనిషి సన్నం, కోపం లావు. వచ్చిన మొదటిరోజే గొడవ. మావయ్య మర్యాదకి గ్లాసులో టీ పోయించి, ఇంకా కావాలేమోనని వంగి, "దాదా, సాలా?" అని అడిగాడు. దాదా గ్లాసు నేలకేసి కొట్టి లేచాడు. "కాకే శాలా బోల్ఛో?" ఎవర్ని పట్టుకుని శాలా అంటున్నావు, అని. బెంగాలీలో అది బావమరిది వరస, అక్కాచెల్లెళ్లను కలిపి తిట్టే తిట్టు. పాపం మావయ్య అడిగింది సరిపోయిందా అని. నలుగురం పట్టుకుని, "దాదా, మా సాలు అంటే మీ బస్, బస్ అంటే ఆపమని" అని నచ్చజెప్పాక చల్లబడ్డాడు. చల్లబడటమే కాదు, ఆ మాట ఆయనకి నచ్చింది కూడా. "సాలు మానే బస్" అని తనలో తను వల్లించుకుని, స్లాబుకి ముందురోజు ఖాళీ బకెట్టుతో పరీక్ష చేసినప్పుడు, మావయ్య మేడ మీద నుంచి "సాలూ!" అనగానే టక్కున ఆపాడు. అదీ ఒప్పందం. ఆ ఒప్పందం జరిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. మాట అర్థం మీదే ఒప్పందం అనుకున్నాను. అక్షరం మీద కూడా అని నాకెవరూ చెప్పలేదు.

స్లాబు రోజంటే మా కూలీలకి పండగ. మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పాత మాలుకీ కొత్త మాలుకీ మధ్య అతుకు పడుతుంది, అతుకు పడిన చోట ఇల్లున్నన్నాళ్లూ కారుతుంది. అందుకని ఊపిరాడకుండా పని చేయించి, అయిపోయాక మటన్ భోజనం పెట్టడం ఆచారం. కూలీ తగ్గినా ఊరుకుంటారు గానీ మటన్ తగ్గితే ఊరుకోరు. ఆ మటన్ పొయ్యి మావయ్య ఎక్కడ పెట్టించాడయ్యా అంటే, గాలి తగలకుండా ఉంటుందని ఆ ఇనప చట్రానికి అవతలి వైపు, సరిగ్గా కింద. (ఈ వాక్యం పాఠకులు రెండుసార్లు చదవాలని మనవి.)

పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు. ఇంజిన్ దడదడలాడింది. మొదటి బకెట్టు ఎక్కింది. "సాలూ!" అన్నాడు మావయ్య. ఆగింది. మేడ మీద కూలీలు కేరింతలు కొట్టారు. బకెట్టు వెనక బకెట్టు, మాలు వెనక మాలు, చూస్తూండగా సగం మేడ బూడిదరంగు చెరువులా నిండింది. కింద నుంచి మసాలా వాసన పైకొస్తోంది. నా ఒళ్లంతా గగుర్పాటు. ఖరిదా ఇంటి గడపలు కూడా నాకు కనపడుతున్నాయి. అంతలో మావయ్యకి ఇంటాయన పిలుపొచ్చింది.

"ఒరే, నేనలా కిందకెళ్లొస్తాను. బకెట్టు నువ్వు సూసుకో. మాటొక్కటే, అంతే. జాగర్త."

నేను మేడ అంచున చట్రం పక్కన నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి ఒక యంత్రం నా మాట కోసం ఎదురుచూస్తోంది. అలాంటి క్షణంలో మామ్మ భాష మాట్లాడతానా? బకెట్టు అంచు దాకా వచ్చింది. గుండె నిండా ఊపిరి తీసుకుని, అద్దం ముందు ఎన్నాళ్లో సాధన చేసిన 'చ'ని ఇందా అంతా వినపడేలా పలికాను.

"చాలూ!"

బకెట్టు ఆగలేదు.

"చాలు! చాలు!"

వేగం పెరిగింది. ఇంజిన్ దాదా రేకు పందిరి కింద ఉన్నాడు, ఆయనకి నేను కనపడను, గొంతు మాత్రమే వినపడుతుంది. ఆయన విన్నది వాళ్ల 'చాలూ'. ఇంజిన్ పట్టుకున్న ఏ హిందీ మనిషికైనా, బెంగాలీ మనిషికైనా చాలూ అంటే నడిపించు, ఆపకు అని. నేను గొంతు చించుకున్నకొద్దీ పాపం ఆయన శక్తివంచన లేకుండా నడిపిస్తున్నాడు. "చాలు బాబోయ్ చాలూ!" అన్నాను. బకెట్టు నా నెత్తి దాటి, పై చక్రానికి ధన్‌మని కొట్టుకుని, ఒక్క క్షణం ఆలోచించి, అవతలి వైపు తిరగబడింది.

వంటాయన అప్పుడే ఉప్పు అడగడానికి పక్కింటికెళ్లాడు కాబట్టి ఆయన ఒంటి మీద చుక్క పడలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అని కూడా ఆ పైన ఎవరూ చూడలేదు.

మావయ్య మెట్లు ఎక్కి వచ్చిన తీరు నాకిప్పటికీ కళ్లలో ఉంది. వెనకే ఇంజిన్ దాదా.

"ఏట్రా ఇది?"

"చాలు అని అరిచాను మావయ్యా, వినిపించుకోలేదు."

"సాలు అన్నావా?"

"చాలు అన్నాను."

"అదేరా, సాలు అన్నావా నేదా?"

"చాలు అనే అన్నాను మావయ్యా!"

దాదా ముందుకొచ్చి గుండె మీద చెయ్యేసుకున్నాడు. "ఆమార్ కీ దోష్? ఛేలేటా నిజే బోల్లో, చాలూ, చాలూ! ఆమి చాలూ రేఖేఛి!" నా తప్పేముంది, కుర్రాడే చాలూ అన్నాడు, నేను చాలూలోనే ఉంచాను, అని.

మావయ్య నా వైపు తిరిగాడు. "చాలూ అన్నావా?"

"అన్నాను. కానీ చాలు అంటే..."

"అన్నానంతన్నాడు కదర్రా!" అని మావయ్య మేడంతా వినపడేలా తీర్పు చెప్పేశాడు.

"మావయ్యా, చాలు అంటే సాలే! పుస్తకాల్లో అలాగే ఉంటుంది!"

"ఇంజిన్ పుస్తకాలు సదివిందేట్రా?"

 (దీనికి జవాబు ఇప్పుడుంది. ఇన్నేళ్లుగా తయారు చేసుకున్నాను. కానీ అడిగేవాడు లేడు.) ఈలోగా ఆడకూలీల సర్దారు దీదీ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది. "మాంగ్షో నేయ్ తో కాజ్ నేయ్" అంది. మాంసం లేదా, పనీ లేదు. ఆమె వెనక అందరూ కూర్చున్నారు. సగం పోసిన స్లాబు ఎండలో బిగుసుకోవడం మొదలెట్టింది. మావయ్య ముఖం అంతకన్నా ముందే బిగుసుకుంది.

"నువ్వింటికెల్లు," అన్నాడు నాతో, గొంతు పెంచకుండా. "రేపట్నుండి రావొద్దు."

"ఖరిదా ఇల్లు?"

"మా అల్లుడు సూసుకుంతాడు. ఆడు సాలు అంటే బండి ఆగుతాది."

అల్లుడికీ మేనల్లుడికీ ఒక్క 'మేన' తేడా. ఆ తేడాలో నా ఇల్లు కొట్టుకుపోయింది.

నేను దిగాను గానీ పోలేదు. రోడ్డుకి ఇవతల ఇటుకల పోగు మీద కూర్చున్నాను. ఏడుపొస్తోంది, కానీ స్లాబు ఏమవుతుందోనన్న ఆత్రం ఏడుపుని పైకి రానివ్వడం లేదు. అప్పుడు ఇంటాయన, ఆ గూడ్సు గార్డు గారు, బయటికొచ్చాడు. సంగతంతా విన్నాడు. "గుడ్లు తెప్పించండి, కోడిగుడ్ల కూర వండిద్దాం, మటన్ మీకు నా బాకీ" అని దీదీని లేపాడు. తర్వాత లోపలికెళ్లి ట్రంకు పెట్టె తీసి, ఒక చేతిలో పచ్చజెండా, ఒక చేతిలో ఎర్రజెండా, నోట్లో ఈలతో మేడెక్కాడు. రేకు పందిరికి పైకప్పు పీకేయించి ఇంజిన్ దాదాని ఎండలో కూర్చోబెట్టాడు.

"బండి నడపడానికి బాస ఏలర్రా!" అన్నాడు.

ఈల వేసి పచ్చజెండా ఊపాడు. బకెట్టు కదిలింది. ఎర్రజెండా చూపించాడు. బకెట్టు మాలు ఒలక్కుండా, పెళ్లికూతురు పీటల మీద కూర్చున్నట్టు ఆగింది. బెంగాలీ కానీ, తెలుగు కానీ, ఒడియా కానీ, ఎర్రజెండా చూసి ఆగనివాడు మా ఊళ్లో పుట్టలేదు. ఆ పైన చూడాలి ఆ మేడ! గూడ్సు బండి మెయిలు బండి అయిపోయింది. ఈల, పచ్చ, ఎరుపు, ఈల. కూలీలు పరుగులు, రోడ్డు మీద జనం చప్పట్లు. నన్ను తరిమేశారన్న సంగతి కూడా మరిచిపోయి ఇటుకల మీద నిలబడి నేనూ ఈల వేశాను. పొద్దు వాలకముందే స్లాబు అతుకు లేకుండా నిండింది. కోడిగుడ్ల కూర వాసన రోడ్డు దాటి వచ్చింది. నన్నెవరూ పిలవలేదు.

గార్డు గారు మాత్రం వచ్చాడు. ఎర్రజెండా చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు. "ఉంచు బాబూ. నీ బాస ఎవులికీ తెలీనప్పుడు ఇది పనికొస్తాది."

పనికొచ్చింది. తర్వాత ఇంకొకరి దగ్గర నిలబడ్డాను, ఆ తర్వాత నా కాళ్ల మీద నిలబడ్డాను. ఖరిదాలోనూ ఇందాలోనూ నేను పోయించిన స్లాబులు కారినట్టు ఎవరూ అనలేదు. నా పనిలో ఎప్పుడూ అరుపులుండవు, జెండాలుంటాయి. అయినా ఊరు నాకు పెట్టిన పేరు 'చాలూ బాబు'. హిందీలో చాలూ మనిషంటే మాయగాడు. నాలాంటి అమాయకుడికి ఆ పేరు! ఈ అన్యాయం గురించి మావయ్యని నేను కలిసిన ప్రతిచోటా అడిగాను. బారసాలల్లో అడిగాను, దుర్గాపూజ పందిట్లో అడిగాను, కన్ను ఆపరేషన్ అయి కట్టుతో పడుకుంటే మంచం పక్కన కూర్చుని అడిగాను. "మావయ్యా, ఆ రోజు తప్పు నాదా?" ఆయన ఒకసారి "టీ తాగుతావేటి?" అంటాడు, ఒకసారి "వాన వొచ్చీలాగుంది" అంటాడు. 

మొన్న ఆ గార్డు గారి మనవడి పెళ్లి. భోజనాలు అదే మేడ మీద, అదే స్లాబు మీద. (చెప్పుతో తొక్కి చూశాను. రాయి. అందులో సగం నేను ఉన్నప్పుడు పోసిందే.) ఆ ఇంటి జెండా కదా, మనవడికి చూపిద్దామని జేబులో పెట్టుకెళ్లాను. మావయ్య ఎనభై దాటాడు. ఫోటోల కోసం కొత్త కట్టుడు పళ్లు పెట్టుకున్నాడు. ఆ పళ్లతో 'స' అంటే ఈల వస్తోందట, సిగ్గుపడి 'చ' అంటున్నాడు. నేను పక్క కుర్చీలో కూర్చున్నాను. మేదినీపూర్ నుంచి వచ్చిన బెంగాలీ వడ్డన మనిషి మటన్ బాల్చీతో వచ్చి మావయ్య పళ్లెంలో గరిటె వంచాడు.

"చాలు," అన్నాడు మావయ్య.

"చాలూ? ఠీక్ ఆఛే, దాదూ!" అలాగే తాతా, అని ఆయన సంతోషంగా ఇంకో గరిటె వేశాడు.

"చాలు బాబూ! చాలు, చాలు!"

మూడో గరిటె. నాలుగోది. పులుసు పళ్లెం అంచు దాటి పట్టుపంచె వైపు బయల్దేరింది. నేను జేబులోంచి ఎర్రజెండా తీసి చాచి పట్టుకున్నాను. గరిటె గాల్లోనే ఆగిపోయింది. జుట్టంతా నెరిసిన మనిషిని, పెళ్లి భోజనంలో మటన్ బాల్చీకి జెండా చూపిస్తున్నాను. నన్ను చూస్తే నాకే నవ్వొచ్చింది. అయినా ఇన్నేళ్లకి వచ్చిన అదను, వదులుతానా? "మావయ్యా, ఇప్పుడు చెప్పు. ఆ రోజు తప్పు నాదా?" అన్నాను. మావయ్య పళ్లెం వైపు చూశాడు, జెండా వైపు చూశాడు. నెమ్మదిగా పళ్లు తీసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, తన పాత నోటితో అన్నాడు:

"నువ్వు సరిగ్గానే పలికినావురా. ఇంజినే తప్పుగా ఇన్నాది. తప్పు నీది కాదు, ఒప్పుకుంతన్నాను. సాలా?"